మైకు గొట్టం మన పల్లె వైపే ఎందుకు తిరిగింది?



పొద్దు అందరికీ ఒకేసారి పొడుస్తుందని బళ్ళో పిల్లలకి చెప్తాం. పుస్తకంలో అట్టా ఉంది కాబట్టి చెప్తాం. కానీ మన ఊళ్ళల్లో పొద్దు రెండుసార్లు పొడుస్తుంది. పల్లెలో నాలుగింటికి పొడుస్తుంది. ఊళ్ళో ఆరున్నరకి పొడుస్తుంది. మధ్యలో ఉన్న ఆ రెండున్నర గంటలు ఎవరివి? ఆ వేళ ఎవరి చెవుల్లో ఏ మోత పడుతోంది? ఆ మోత పెట్టే హక్కు ఎవరికి ఎవరిచ్చారు?

ఇంత చిన్న సంగతికి పత్రికలో పేజీలు కావాలా అని కొందరంటారు. నీళ్ళ సంగతి కూడా ఒకప్పుడు చిన్న సంగతే అన్నారు. 1927 మార్చి 20న మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి ముంచాక గానీ అది ఎంత పెద్ద సంగతో దేశానికి తెలియలేదు. కంటికి కనపడే అంటరానితనం మీద మనం చాలా రాశాం. చెవికి వినపడే అంటరానితనం మీద కూడా రాయాలి.

పుస్తకాల్లో తెల్లారటం

మన తెలుగు వాచకాలు తీసి చూడండి. సినిమాలు చూడండి. పల్లెటూరి తెల్లవారుజాము అనగానే ఒకటే బొమ్మ. కోడి కూస్తుంది. గుడిగంట మోగుతుంది. ఇంట్లో కవ్వం చప్పుడు. వాకిట్లో కళ్ళాపి. సంక్రాంతి నెలైతే హరిదాసు కీర్తన.

ఇది ఎవరి తెల్లవారుజాము? కవ్వం ఆడాలంటే ఇంట్లో పాడి ఉండాలి. పాడి ఉండాలంటే గడ్డి ఉండాలి. గడ్డి ఉండాలంటే పొలం ఉండాలి. పొలం ఎవరికుంది? కళ్ళాపిలో కలిపిన పేడ ఎత్తింది ఎవరు? ఆ గొడ్లచావిడి ఊడ్చింది ఎవరు? ఊడ్చిన మనిషి చీపురు చప్పుడు ఏ వాచకంలో ఉంది? ఇక హరిదాసు సంగతి. నా చిన్నప్పుడు ఆయన మా పల్లె మలుపు దాకా వచ్చి అక్కణ్ణించి అటే వెనక్కి పోయేవాడు. నెత్తిన అక్షయపాత్ర ఉంది గానీ, మా బియ్యం పడితే అది మైలపడుతుందంట! ఆయన పాట మాత్రం గాలికి మా దాకా వచ్చేది. గాలికి కులం తెలియదు కదా.

పల్లెలో తెల్లారే తీరు నేను చెప్తాను, మీరు సరిచూడండి. ముందు ముసలాయన దగ్గు. పొగాకు బేరన్ల దగ్గర నిద్ర కాచి కాచి వచ్చిన దగ్గు. ఆ తర్వాత బోరింగు కిర్రుకిర్రుమనటం. పొయ్యిలో పుల్లలు విరిచిన చప్పుడు. క్యారేజీ గిన్నెల చప్పుడు. ఐదున్నరకల్లా మేస్త్రి ఆటో హారను: "రండి, రండి, మిరపకోతకి టైమైపోతోంది!" టౌనులో ఉన్న మనవాళ్ళకైతే ఇంకా ముందే. చీకటి ఉండగానే హాజరు వేయించుకోవాలి, రోడ్డు ఊడవాలి. తెల్లారాక మున్సిపాలిటీ చెత్తబండి స్వచ్ఛత గురించి పాట వేసుకుంటూ వీధిలోకి వస్తుంది. ఆ పాట విని కాలనీవాళ్ళు కళ్ళు నులుముకుంటూ చెత్తడబ్బా తెస్తారు. బండి వెనకాల నిలబడి ఆ డబ్బా అందుకునే చెయ్యి ఎవరిది? పాటలో శుభ్రత ఉంది. శుభ్రం చేసే మనిషి పేరు లేదు.

దేవుడికి శ్లోకాలు, మనిషికి "ఒరే"

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. సుప్రభాతం.

వేంకటేశ్వర సుప్రభాతం 15వ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ అనే వైష్ణవాచార్యుడు రాసింది. మొదటి శ్లోకం మాత్రం వాల్మీకి రామాయణం బాలకాండలోది. విశ్వామిత్రుడు రాముణ్ణి నిద్ర లేపే చోటు. మేలుకొలుపు భాగంలో 29 శ్లోకాలుంటాయి. తిరుమల గర్భగుడి ముందు, దేవుణ్ణి లేపటానికి పాడేవి. 1963లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతుతో రికార్డు వచ్చింది. రేడియోల కెక్కింది. 1980ల్లో కేసెట్లు చవకయ్యాక ప్రతి ఊరి రామాలయం మైకు కెక్కింది. కొండ మీద దేవుడి చెవికి పాడిన పాట, ఇట్టా మన చెవి మీదకి దిగింది.

ఒక్క మాట గమనించండి. దేవుణ్ణి లేపటానికి 29 శ్లోకాలు. లెమ్మని బతిమాలటం, పొగడటం, పూలు పూసినయ్యని చెప్పటం. పాలేరుగా ఉన్న మన తాతని లేపటానికి కామందుకి ఎన్ని మాటలు కావాల్సొచ్చింది? ఒక్కటే. "ఒరే!" దాని వెనకాల ఇంకో మాట ఉంటే అది తిట్టు. రాతి విగ్రహానికి నిద్ర ఉందని, ఆ నిద్ర చెడకుండా మెల్లగా లేపాలని తెలిసిన సంస్కృతికి, ఒంటినిండా నొప్పులతో పడుకున్న మనిషికి నిద్ర ఉందని ఎందుకు తెలియలేదు?

నాకు ఆ పాట మీద పగ లేదు. ఆ గొంతు తియ్యనిదే. ఆ గొంతు మాత్రం ఎక్కణ్ణించి వచ్చింది? సుబ్బులక్ష్మి 1916లో మదురైలో దేవదాసీ కులంలో పుట్టిన బిడ్డ. తల్లి షణ్ముఖవడివు వీణ వాయించేది. ఆ కులం ఆడవాళ్ళని గుడికి కట్టేసిన సమాజమే తర్వాత ఆ గొంతుని పూజగదిలో పెట్టుకుంది. నా కొట్లాట పాటతో కాదు, గొట్టంతో. గుడిలో పాడుకుంటే అది భక్తి. నాలుగు గొట్టాలు కట్టి ఊరందరి మీద పొయ్యటం పెత్తనం.

సీసం పోసినవాళ్ళే మైకు కట్టారు

గౌతమ ధర్మసూత్రం అని ఒక పుస్తకముంది. వేదం చెవిన పడేట్టు విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన లోహం, లక్క పొయ్యమని అందులో ఉంది. శూద్రుడికే ఆ శిక్ష అయితే, ఊరి బయట ఉన్న మన సంగతి చెప్పాలా? సుప్రభాతం వేదం కాదు, స్తోత్రం. ఒప్పుకుంటాను. కానీ సంస్కృతం మన చెవిన పడితే చాలు మైలని శతాబ్దాల పాటు కాపలా కాసినవాళ్ళు, ఇవాళ అదే సంస్కృతాన్ని మనం వద్దన్నా మన చెవిలో కుమ్మరిస్తున్నారు. అప్పుడు వింటే శిక్ష. ఇప్పుడు వినకపోతే శిక్ష. రెండుసార్లూ చెవి మనది, నిర్ణయం వాళ్ళది.

ఇంకా వెనక్కి పోదాం. 5వ శతాబ్దం మొదట్లో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ రాశాడు: చండాలురు ఊరి బయట ఉంటారు, పట్నంలోకో అంగట్లోకో వచ్చేటప్పుడు కర్రముక్క కొట్టి చప్పుడు చేస్తారు, ఆ చప్పుడు విని జనం తప్పుకుంటారు అని. బాబాసాహెబ్ 1936లో రాసిన 'కులనిర్మూలన'లో పీష్వాల రాజ్యం సంగతి చెప్పారు. పూనాలో అంటరానివాడు మెడకి ముంత, నడుముకి చీపురు కట్టుకుని నడవాలి.

అంటే ఏంటి? మన చప్పుడు విని జనం పారిపోవాలి. వాళ్ళ చప్పుడు విని జనం మేలుకోవాలి. మన చప్పుడు అమంగళం. వాళ్ళ చప్పుడు మంగళం. పదిహేను వందల ఏళ్ళుగా నడిచిన లెక్క ఇదే.

జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి పోనియ్యని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి గుడిలో చోటుంది, మనిషికి లేదు. ఇన్నేళ్ళు గడిచినా లోపలికి పోవాలంటే పోలీసులు తోడు రావాల్సిన ఊళ్ళు ఉన్నాయి. గుడి మాత్రం రోజూ మన ఇంట్లోకి వస్తోంది, అడక్కుండా, చెప్పులిడవకుండా! మన కాలు వాళ్ళ గుడి గడప తొక్కకూడదు. వాళ్ళ గుడి మోత మన గుడిసె గడప తొక్కొచ్చు. ఇదెక్కడి న్యాయం?

మంగళవాయిద్యం చర్మం ఎవరు తీశారు?

మోతకి మంగళం, అమంగళం ఉన్నాయనేవాళ్ళు ఒక్కసారి వాయిద్యం విప్పి చూడాలి. మృదంగానికి ఆవు చర్మం, మేక చర్మం, గేదె తోలు వారు కావాలి. ఆ చర్మం తీసేది ఎవరు? గీకేది ఎవరు? తమిళనాడులో తరతరాలుగా మృదంగాలు చేస్తున్న దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టీ.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశాడు. ఆ పుస్తకం విడుదలకి ఇచ్చిన హాలుని 2020 జనవరిలో చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. మృదంగం వేదికెక్కొచ్చు. మృదంగం చేసినవాడి కథ వేదికెక్కకూడదు.

మన డప్పు సంగతి చూడండి. కర్ర చట్రానికి తోలు బిగించి, మంట మీద కాచి, సిర్రతో చిటికెన పుల్లతో కొడితే ఊరు అదిరిపోతుంది. తంగేడు చెక్కతో తోలు పదును చెయ్యటం మన పెద్దలు కనిపెట్టిన విద్య. ఈ విద్యకి ఊరు ఇచ్చిన విలువేంటి? కామందు ఇంట్లో చావొస్తే తెల్లవారుజామున మాదిగపల్లెకి కబురొస్తుంది. "డప్పు పట్టుకుని రండిరా." జ్వరమా, కూలికి పోవాలా, పిల్ల పరీక్షా, అడిగేవాడు లేడు. పోకపోతే పనులు బంద్. పోతే ఒక సీసా, నాలుగు రూకలు. డప్పు అంటే తాగుడు, డప్పు అంటే చావు అని వాళ్ళే చేసి, వాళ్ళే ముక్కు మూసుకుంటారు.

అదే డప్పు 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరాగా మోగింది. చేతులు అవే, తోలు అదే. మరి తేడా ఎక్కడుంది? ఒకడు మోగించమంటే మోగించింది వెట్టి. మనకోసం మనం మోగించింది ఉద్యమం. ఆ ఉద్యమం డిమాండు మీద మనలో మనకి వాదాలున్నాయి, ఉంటాయి. ఈ తేడా మీద మాత్రం మాలకీ మాదిగకీ వాదం అక్కర్లేదు. కొందరు యువకులు డప్పు తగలబెట్టాలంటారు. కొందరు పెద్దలు అది మన కళ, ఎవరు పిలిచినా పోవాలంటారు. నేను రెండూ కాదంటాను. డప్పుని ఉంచుదాం, పిలుపుని తగలబెడదాం.

పిల్లలకి మిగిలింది ఆ రెండు గంటలే

ఇక బడిపంతులుగా నా బాధ చెప్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనే మొదలు. మా పల్లెలో ఇల్లంటే ఒక గది. రాత్రి పదింటిదాకా అందులో టీవీ, వంట, తాగొచ్చినవాళ్ళ గోల, దోమలు. నా చదువంతా తెల్లవారుజాము నాలుక్కీ ఆరుకీ మధ్య సాగింది. ఆ వేళ పల్లెలో పెద్దవాళ్ళు పనిలో ఉంటారు, మాటలు తక్కువ, బుర్ర తేటగా ఉంటుంది. ఇవాళ నా దగ్గర చదివే పల్లె పిల్లలక్కూడా మిగిలింది ఆ రెండు గంటలే. ఊరి పిల్లలకి వేరే గది ఉంది, తలుపు ఉంది, ట్యూషను ఉంది, కార్పొరేట్ హాస్టలు ఉంది. మన పిల్లకి ఆ నిశ్శబ్దం ఒక్కటే ఆస్తి. ధనుర్మాసం నెలంతా, మళ్ళా మార్చిలో పదో తరగతి పరీక్షలప్పుడు ఉత్సవాల పేరు మీద, ఆ ఆస్తిని మైకు దోచుకుపోతోంది.

నేను పనిచేసిన ఒక బడి పక్కనే గుడి ఉండేది. పరీక్షల రోజుల్లో మైకు తగ్గించమని కమిటీవాళ్ళ దగ్గరికి పోయాను. "దేవుడి పాటకి అడ్డం చెప్పేంత పెద్దోడివయ్యావా పంతులూ" అన్నారు. నేను అడిగింది పాట గురించి. వాళ్ళు చూసింది నా కులం.

నిద్ర సంగతి కూడా ఆలోచించండి. మిరపకోత చేసొచ్చి, వండి, గిన్నెలు తోమి పదకొండింటికి నడుం వాల్చిన మన అక్కకి నాలుగింటికి మెలకువ. ఐదు గంటల నిద్ర. అందులో గంట మైకు తింటే మిగిలేది ఎంత? ఏసీ పెట్టుకుని అద్దాలు బిగించుకున్న మేడకి ఆ గొట్టం జోలపాటలాగా వినపడుతుంది. రేకుల ఇంటికి పిడుగులాగా వినపడుతుంది. గొట్టాలు గాలిగోపురం మీద కట్టి పల్లె వైపు తిప్పటం ఊరికే జరగలేదు. మేడలున్న వైపు తిప్పితే మర్నాడే కమిటీలో గొడవ అవుతుంది కాబట్టి!

చట్టం ఏం చెప్తోంది?

భక్తికి చట్టమేంటని బెదిరిస్తారు. బెదరొద్దు. 2000లో కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు తెచ్చింది. రాతపూర్వక అనుమతి లేకుండా మైకు పెట్టకూడదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు మోగించకూడదు. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. బడి, ఆసుపత్రి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా పెట్టొచ్చు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు గానీ ఏడాదికి 15 రోజులు మించకూడదు, అదీ రాత్రి 10 నుంచి 12 దాకానే. తెల్లవారుజాము నాలుగింటికి ఏ పండక్కీ సడలింపు లేదు.

2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు మద్రాసులోని ఒక చర్చి కేసులో చెప్పింది: మైకులు పెట్టి పక్కవాళ్ళ ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పలేదని. 2005 జూలై 18 తీర్పులో రాత్రి 10 నుంచి 6 దాకా నిషేధాన్ని మళ్ళీ గట్టిపరిచింది. అది చర్చి కేసు అని గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే తర్వాతి మాట మనకే.

మన గొట్టం సంగతేంటి?

పల్లెలో చర్చి మీద మొదటిసారి మైకు కట్టినప్పుడు మనకెంత గర్వంగా ఉందో నాకు తెలుసు. నోరు మూయించిన జాతి గొంతు విప్పిన రోజది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఇవాళ ఏం జరుగుతోంది? ఊరి గుడి నాలుగు గొట్టాలు పెడితే మన చర్చి రెండు పెడుతుంది. వాళ్ళు నాలుగున్నరకి మొదలుపెడితే మనం నాలుగుంపావుకి మొదలుపెడుతున్నాం. ఈ పందెంలో ఓడిపోయేది ఎవరు? ఊళ్ళో కామందు కాదు. పల్లెలో బాలింత, ముసలమ్మ, పదో తరగతి పిల్ల. పెత్తనానికి బదులు ఇంకో పెత్తనం కాదు. ఏప్రిల్ 14న మనం పెట్టే డీజే బాక్సులకీ ఇదే మాట. బాబాసాహెబ్ జయంతి రాత్రి పది దాటాక మోగితేనే జయంతి అవుతుందా? పుస్తకాల మనిషి పేరు మీద పిల్లల పుస్తకం మూయించొద్దు.

ఇంకొకటి. ఈ చట్టాన్ని పట్టుకుని మసీదు మీద పడేవాళ్ళున్నారు. 2022 ఏప్రిల్‌లో మహారాష్ట్రలో రాజ్ థాకరే మసీదుల మైకులు దించకపోతే వాటి ముందు హనుమాన్ చాలీసా పెడతామని బెదిరించాడు. ఇది మోత తగ్గించే మాటా, పెంచే మాటా? చట్టం ఒక్క మతం మీదే కర్ర అయితే అది చట్టం కాదు. ఒంగోలు దగ్గర కరవది షేక్ చిన మౌలానా నాదస్వరం ఊదితే శ్రీరంగం పులకరించింది. మంగళధ్వనికి ఊపిరి పోసినవాళ్ళు ముస్లింలు, మంగలి కులస్తులు. అట్టాంటి దేశంలో మోత పేరు మీద మతం కొట్లాట పెట్టేవాడి జెండా మనం మొయ్యొద్దు.

కారంచేడు పొద్దు

1985 జూలై 17 పొద్దున కారంచేడు మాదిగపల్లె మీద గొడ్డళ్ళు, బరిసెలు పట్టుకుని గుంపు పడింది. ఆరుగుర్ని చంపారు. ఆడబిడ్డల్ని చెరిచారు. అంతకుముందు రోజు మంచినీళ్ళ చెరువు దగ్గర కుడితి కలపొద్దని అడ్డంపడి, కొట్టబోతే బిందె ఎత్తింది మున్నంగి సువార్త. ఆమె గొంతు ఊరికి పెద్ద మోతగా వినపడింది! మన ఆడమనిషి ఒక్క మాట గట్టిగా అంటే ఊరి చెవులు భరించలేవు. రోజూ రెండు గంటలు నాలుగు గొట్టాల మోత మన చెవులు భరించాలి. పొద్దున పూట ఎవరి గొంతు లేవొచ్చు, ఎవరి గొంతు లేవకూడదు అనేది పాటల సంగతి కాదు, అధికారం సంగతి. అందుకే రాస్తున్నాను.

ఏం చెయ్యాలి?

1. ముందు మన చర్చి గొట్టం, మన డీజే బాక్సు చట్టం లోపలికి తెచ్చుకుందాం. ఆ తర్వాత గుడి కమిటీని అడుగుదాం. అప్పుడు మనల్ని వేలెత్తి చూపేవాడుండడు.

2. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఏ మైకూ మోగకూడదని గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. నోటిమాట వద్దు, కాగితం మీద. కాదంటే కలెక్టరుకీ డీఎస్పీకీ అర్జీ. ఒక్కరి సంతకంతో కాదు, పల్లె మొత్తం సంతకాలతో. తల్లుల వేలిముద్రలు ముందు ఉండాలి.

3. డప్పుకి కబురొస్తే మాట్లాడుకుని పోదాం. కూలి ఎంత, ఎన్ని గంటలు, ఇష్టమా కాదా. బలవంతం చేస్తే అది వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. మనచేత వెట్టి చేయించటం, పశువుల శవాలు మోయించటం, గోతులు తవ్వించటం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

4. పంచాయతీ చాటింపు పల్లెలో కూడా వినపడాలి. శ్లోకాలకి మన వైపు తిరిగే గొట్టం, గ్రామసభ తేదీ, స్థలాల పట్టాలు, స్కాలర్‌షిప్పుల కబురు చెప్పేటప్పుడు ఎందుకు మూగబోతోందో సర్పంచిని అడగండి.

5. పరీక్షల నెలల్లో కమ్యూనిటీ హాలు తాళం నాలుగింటికి తీయించండి. ఒక లైటు, ఒక చాప, ఒక చదువుకున్న పెద్ద. ఆ రెండు గంటలు పల్లెలో పుస్తకం తిప్పిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదు.

మేలుకొలుపు మనకి కొత్త కాదు. వాళ్ళ దేవుడు లేవకముందే మన అమ్మలు లేచారు, మన నాయనలు లేచారు. లేచి వాళ్ళ చావిళ్ళు ఊడ్చారు. ఇక లేచేది మనకోసం లేద్దాం. మనల్ని ఎవరూ లేపక్కర్లేదు. మన పిల్లల్ని చదువుకోనిస్తే చాలు.

జై భీమ్!